తాయారు పాట విప్పిన వైనం

అనగనగా, ఊ కొట్టేవాళ్లకు మాత్రమే కనబడే మల్లెకోట సంస్థానంలో, రత్నమాంబ అనే పంతులమ్మ పిల్లలకు హార్మోనియం నేర్పేది.

రాజుగారికి ఆ పెట్టె చప్పుడు గిట్టదు. ఒకనాడు ఆమెను పిలిపించాడు.

"మీ పెట్టె అరుస్తుందే గానీ పాడదమ్మా! వసంతోత్సవంలో మీ పిల్లలు మా పల్లకీ పాట వాయించాలి. నా మనసు కదిలిందా, సరే. లేదా, బడి మూత!" అన్నాడు.

ఆ బడే రత్నమాంబకు ప్రాణం. పాపం, బడికి తిరిగొచ్చి పిల్లలతో ఇలా చెప్పింది: "మెట్ల మీద వేలు పెట్టకముందే పాటను విప్పి చూడండర్రా. ఎక్కడ ఎక్కుతోంది? ఎక్కడ ఆగుతోంది? ఎందుకు?"

"విప్పడానికి అదేమన్నా అటుకుల మూటా, పంతులమ్మగారూ?" అని కండలు తిరిగిన భీమన్న నవ్వాడు. వేళ్ల చురుకు గల జోగన్న అయితే అప్పటికే వాయించేస్తున్నాడు.

తాయారు మాత్రం పెట్టె మూసి, పాటను ముక్క ముక్కగా పాడుకుంటూ కూర్చుంది.

"నీళ్లలో దిగకుండానే ఈత నేర్చుకుంటావా?" అని ఇద్దరూ ఆటపట్టించారు. ఆ పిల్ల వింటేగా!

అది బోయీలు పల్లకీతో కొండెక్కే పాట. స్వరం మెల్లగా పైకి పోతుంది. శిఖరం చేరగానే పెద్ద కేక. ఆ కేకకు బోలెడు గాలి కావాలి. దానికి ముందు బోయీలు భుజం మార్చుకునే చోట పాట క్షణం ఆగుతుంది. పెట్టె తిత్తిలో గాలి నింపుకోవలసింది అక్కడేనని తాయారు కనిపెట్టింది. ఆ తర్వాతే పెట్టె తెరిచి, వేళ్లు నొప్పెట్టేదాకా సాధన చేసింది.

ఉత్సవం రానే వచ్చింది. భీమన్న మొదటినుంచీ చివరిదాకా ఒకే మోత మోగించాడు. రాజుగారు చెవులు మూసుకున్నాడు. జోగన్న పరుగే పరుగు! ఆగవలసిన చోట ఆగలేదు, శిఖరం దగ్గర గాలి అయిపోయి పెట్టె ఉస్సుమంది. సభంతా గొల్లున నవ్వింది. రత్నమాంబ తల వంచుకుంది.

తాయారు నెమ్మదిగా మొదలుపెట్టింది. అడుగులో అడుగు వేస్తూ ఎక్కింది. భుజం మార్చే చోట ఆగి, గాలి నింపుకుంది. అప్పుడు లేచింది చూడండి ఆ కేక! మండపం దద్దరిల్లింది. రాజుగారు సింహాసనం దిగి, తాళం వేస్తూ నిలబడిపోయాడు. కళ్ల నిండా నీళ్లు!

"పెట్టె పాడింది, తల్లీ! ఎలా పాడించావు?"

"పాట ఎందుకు ఆగుతుందో తెలుసుకున్నాను, ప్రభూ. మా పంతులమ్మగారు అలా చూడమన్నారు."

రాజుగారు రత్నమాంబకు చేతులు జోడించాడు. "అమ్మా, మీ బడి మూయడం కాదు, రేపటినుంచి నేనే మీ బడికి వస్తాను!" అన్నాడు. సభ జేజేలు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది భీమన్న, జోగన్నలే.

చేతులకు పని చెప్పేముందు, ఆ పని గుట్టును బుద్ధితో విప్పి చూసుకున్నవారిదే విజయం.