మంచినీళ్లు ఇవ్వబడును

అంకమ్మరావుకి ఆ రోజు సాయంత్రం అయిదులోగా ఒక సంతకం కావాలి. అది దొరక్కపోతే ప్రభుత్వ పాలనాశాస్త్రంలో అతని పీజీ చదువు అక్కడితో సరి. యూనివర్సిటీ వాళ్లు అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి అడగబోతే అక్కడి గుమాస్తా తలెత్తి కూడా చూడకుండా, అయిదు దాటితే రిజిస్ట్రేషను రద్దవుతుందని చెప్పేశాడు.

అంకమ్మరావు ఒక సముద్రతీర మండలంలో డిప్యూటీ తాసీల్దారు. పగలంతా ఆఫీసు, ఆదివారాలు చదువు. ఈ పట్టా చేతికొస్తే వచ్చే నెల ప్రమోషన్ల జాబితాలో తన పేరు పైకి పోతుందని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. అతను రాసిన పరిశోధన పేరు ‘విపత్తు వేళల్లో అధికారుల జవాబుదారీతనం’. అట్ట మీద బంగారు అక్షరాలు కూడా వేయించాడు.

దాని మీద సంతకం పెట్టవలసింది సుగుణమణి గారు. యూనివర్సిటీలో పాలనాశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అంకమ్మరావే ఆవిడ చివరి విద్యార్థి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు జిల్లాలో ఏ ఆఫీసుకెళ్లినా కనిపిస్తారు. ఆవిడ పేరెత్తితే వాళ్లు ఇప్పటికీ కుర్చీలో కాస్త సర్దుకు కూర్చుంటారు.

అతను ఉదయమే బయల్దేరి ఆవిడ ఇంటికి వచ్చాడు. తుఫాను ఎక్కడో ఉత్తరాన తీరం దాటుతుందని పొద్దుటి వార్తల్లో చెప్పారు. తాసీల్దారు సెలవులో ఉన్నాడు కాబట్టి మండలం భారం ఇతని మీదే ఉంది. అయినా మధ్యాహ్నానికల్లా తిరిగి వెళ్లిపోవచ్చుననుకున్నాడు. మధ్యాహ్నానికి తుఫాను దారి మార్చుకుంది.

సుగుణమణి గారు సంతకం మాట ఎత్తలేదు. అయిదో అధ్యాయం పైకి చదవమన్నారు.

కరెంటు లేదు. గాలి బిగదీసుకుపోయి గదిలో ఉక్కగా ఉంది. అంకమ్మరావు చెమట తుడుచుకుంటూ చదవడం మొదలుపెట్టాడు. లోతట్టు ప్రాంతాల ప్రజలు తరలించబడ్డారు. ఆహార పొట్లాలు సరఫరా చేయబడ్డాయి. వైద్య శిబిరాలు ఏర్పాటు చేయబడ్డాయి. లోపాలు గుర్తించబడ్డాయి. తగు చర్యలు తీసుకోబడును.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ భాష అతని నోటికి అలవాటైంది. ఇంట్లో భార్య పాలు తెమ్మంటే తేబడును అనలేదు గానీ, ఇంకెన్నాళ్లో పట్టదని ఆవిడ నవ్వుతుండేది. సుగుణమణి గారు మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తూ విన్నారు.

నాలుగు పేజీలు అయ్యేసరికి ఫోను మోగింది. చేసినవాడు సాంబయ్య, తూరుపుదిబ్బ అనే పల్లెకి వీఆర్వో. సముద్రం ముందుకొచ్చిందట. పల్లెకారులందరూ పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని తుఫాను షెల్టరు దగ్గరికి చేరారట. కానీ షెల్టరుకి తాళం వేసి ఉంది. పోయిన నెల రేషను బియ్యం బస్తాలు పెట్టడానికి చోటు చాలక పౌరసరఫరాల వాళ్లు అందులో నిల్వ చేసి, తాళం వేసి, సీలు కొట్టి వెళ్లారు. తాళంచెవి ఉన్న మనిషి ఫోను ఎత్తడం లేదు. ఏం చెయ్యమంటారని సాంబయ్య అడిగాడు.

సీలు ఉన్న తాళం పగలగొడితే ఏమవుతుందో అంకమ్మరావుకి బాగా తెలుసు. పక్క మండలంలో ఇలాగే పగలగొట్టించిన అధికారి మీద, బస్తాలు తగ్గాయని విచారణ వేశారు. అది ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఆ మనిషి జుట్టు నెరిసిపోయింది గానీ ప్రమోషను రాలేదు.

అందుకని, విషయం పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లడం జరుగుతుందనీ, ఆదేశాలు రాగానే తగు చర్య తీసుకోబడుతుందనీ చెప్పి పెట్టేశాడు. వెంటనే కలెక్టరు ఆఫీసుకి ఫోను చేశాడు. లైను కలవలేదు. మళ్లీ చేశాడు. ఎవరో ఎత్తి, అందరూ సమావేశంలో ఉన్నారని చెప్పి పెట్టేశారు.

“ఏమిటి సంగతి?” అని అడిగారు సుగుణమణి గారు.

అంకమ్మరావు చెప్పాడు. తాళం పగలగొట్టే అధికారం నీకు లేదా అని ఆవిడ అడిగితే, ఉన్నట్టే ఉంది గానీ లేదనీ, రేపు కాగితం మీదికి వస్తే వేరుగా ఉంటుందనీ నీళ్లు నమిలాడు. తాగడానికి నీళ్లు లేకపోయినా నమలడానికి మాత్రం దొరికాయి. అప్పుడే అతనికి గొంతు పిడచకట్టుకుపోయిందని తెలిసింది.

“మేడమ్, కాసిని మంచినీళ్లు ఇస్తారా?”

మట్టికుండ ఆవిడ కుర్చీ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది.

సుగుణమణి గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“మంచినీళ్లు ఇవ్వబడును,” అన్నారు.

అని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

అంకమ్మరావు సరిగ్గా వినలేదనుకున్నాడు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పనిమనిషిని పిలుస్తారేమో అనుకున్నాడు. కానీ ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. బయట చినుకులు మొదలయ్యాయి. కిటికీ రెక్క ఒకటి టపటపా కొట్టుకుంటోంది. ఆవిడ దాన్ని వెయ్యడానికి కూడా లేవలేదు.

మళ్లీ సాంబయ్యే ఫోను చేశాడు. ఈసారి గాలి హోరులో మాట సగమే వినిపించింది. నీళ్లు షెల్టరు మెట్ల దాకా వచ్చాయట. కుర్రవాళ్లు గడ్డపలుగు పట్టుకుని నిలబడ్డారట. పగలగొడతామంటున్నారు సార్, కేసు పెడతారని నేనే ఆపాను, ఏమంటారని అడిగాడు. అంకమ్మరావు మళ్లీ పైవాళ్ల మాటే చెప్పాడు. చెబుతుంటే అతని గొంతు అతనికే ఎవరిదోలా వినిపించింది. కొంచెం ఆగండి, పరిశీలించబడుతోంది అన్నాడు.

ఫోను పెట్టేసరికి నాలుక అంగిట్లో అంటుకుపోయింది.

“మేడమ్, ఆ నీళ్లు...”

“నీ విన్నపం స్వీకరించబడింది,” అన్నారు సుగుణమణి గారు. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. “పరిశీలించబడుతోంది.”

అంకమ్మరావుకి కోపం వచ్చింది. అక్కడ జనం ప్రాణాల మీదికి వస్తే ఇక్కడ ఈవిడ తనతో ఆటలాడుతోందనిపించింది. పెద్దావిడ, గురువు అని నోరు మూసుకున్నాడు. లేచి కుండలో తానే ముంచుకుందామనుకున్నాడు. ఆవిడ అలా చూస్తూ ఉంటే లేవలేకపోయాడు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆడగొంతు. సాంబయ్య చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టున్నారు.

“అయ్యా, నా పేరు పోలేరమ్మండి. పిల్లలు తడిసి ముద్దయిపోతన్నారయ్యా. మా అత్తకి జొరం. నీళ్లు మోకాటి దాకా వచ్చినయ్యి. తలుపు తీస్తారా, తియ్యరా?”

“తీయబడుతుందమ్మా,” అన్నాడు అంకమ్మరావు.

ఆ మాట ఆమెకి అర్థం కాలేదు.

“అంటే ఎవరొస్తన్నారయ్యా తియ్యడానికి?” అని అడిగింది.

అంకమ్మరావు కుండ వైపు చూశాడు. తర్వాత సుగుణమణి గారి వైపు చూశాడు. ఆవిడ చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. ఈసారి ఆవిడ కిటికీ వైపు చూడటం లేదు, అతని వైపే చూస్తున్నారు. అతనికి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

“ఫోను సాంబయ్యకియ్యి తల్లీ.”

సాంబయ్య అందుకున్నాడు.

“సాంబయ్యా, తాళం పగలగొట్టించు.”

“సార్, సీలు ఉంది సార్. రేపు అడిగితే ఎవరు చెప్పారనమంటారు?”

“నేను చెప్పానని చెప్పు. ఇన్‌చార్జి తాసీల్దారు అంకమ్మరావు పగలగొట్టమన్నాడని రాసుకో. టైము కూడా వెయ్యి. బస్తాలు తడిసినా, తగ్గినా నన్నే అడగమను. ఫోను పెట్టకు, వింటూ ఉంటాను.”

గడ్డపలుగు ఇనుము మీద పడిన చప్పుడు ఫోనులో ఖణేలుమంది. ఒక దెబ్బ. తర్వాత ఇంకోటి. ఎవరో తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తున్నారు. మూడో దెబ్బ తాళానికి కాక తలుపుకి తగిలినట్టుంది, మొద్దుగా మోగింది. అంకమ్మరావు నిలబడి విన్నాడు. ఇంకా ఎన్ని దెబ్బలు పడ్డాయో అతనికి గుర్తులేదు. ఉన్నట్టుండి పెద్ద కిర్రుమన్న చప్పుడు, వెనకే జనం ఒక్కసారి లోపలికి తోసుకుపోతున్న అలికిడి. ఓ చంటిపిల్ల ఏడుపు దగ్గరగా వచ్చి, లోపలికి దూరమైంది.

సాంబయ్య ఏదో చెప్పబోయాడు. లైను తెగిపోయింది.

అంకమ్మరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సుగుణమణి గారు లేచారు. మోకాలు పట్టుకుని, కుండ మీద మూత తీసి, గ్లాసు ముంచి అతని చేతికిచ్చారు. అతను నిలబడే గడగడా తాగేశాడు.

“నేను వెళ్లాలి మేడమ్. మిగతా పల్లెలు కూడా ఉన్నాయి. బియ్యం బస్తాలు కూడా నా కళ్ల ముందే లెక్క చూసుకోవాలి,” అన్నాడు.

గోడ గడియారం నాలుగు దాటింది. బల్ల మీద బంగారు అక్షరాల అట్ట అలాగే తెరిచి ఉంది. సుగుణమణి గారు దాన్ని తన ముందుకు లాక్కున్నారు. పెన్ను మూత తీశారు.

“నీకు టైము లేదు. యూనివర్సిటీ ఆఫీసు ఇక్కడికి దగ్గరే. నేను సంతకం పెట్టి, గొడుగేసుకుని వెళ్లి ఇచ్చేస్తాను. అయిదులోగా అందుతుంది. పెట్టనా?”

పాళీ కాగితానికి జానెడు ఎత్తులో ఆగింది. ఆవిడ నిజంగానే అడిగారు. ఊఁ అంటే పెట్టేసేవారే. నాలుగేళ్ల ఆదివారాలు, జాబితాలో పేరు, రేపు రాబోయే విచారణకి అడ్డుగా నిలబడగల ఒక పట్టా, అన్నీ ఆ జానెడులోనే ఉన్నాయి.

అంకమ్మరావు వంగి అయిదో అధ్యాయం పేజీ చూశాడు. ఇందాక తనే గొంతెత్తి చదివిన పేజీ. పైనుంచి కింది దాకా చూశాడు. తిప్పి ఇంకో పేజీ చూశాడు.

“వద్దు మేడమ్,” అన్నాడు.

“రిజిస్ట్రేషను పోతుంది.”

“పోనివ్వండి. మళ్లీ ఫీజు కట్టుకుంటాను.” మెల్లగా అట్ట మూశాడు. “ఇందులో మనుషుల్లేరు మేడమ్.”

సుగుణమణి గారు పెన్నుకి మూత పెట్టారు.

“అక్కడున్నారు,” అన్నారు. “వెళ్లు.”