ముప్పై తొమ్మిదో దెబ్బ

మా విచారణ చర్చిలో గంట కొట్టే ఉపదేశి ఇన్నాసయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. గంట తాడు ముడి ఒకసారి పట్టి చూసుకుని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. అడిగినవాడికి అర్థమయిందా లేదా అన్నది ఆయనకు పట్టదు. ఆ పద్ధతికి నాకైతే ఒళ్లు మండేది. అయినా ఆయన మొదలుపెడితే లేచి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు.

ఆయన శిష్యుడు బాలశౌరి ముప్పై దాటినవాడు. పక్క ఊరి చర్చికి ఉపదేశిగా పోవలసి ఉండి, చావు గంట నేర్చుకోవడానికి వచ్చాడు. మా వైపు ఎవరైనా పోతే, వాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు కొడతారు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక నిండు ఊపిరి విడిచి. పొలాల్లో ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి లెక్కపెడతారు. బిడ్డల పుట్టిన తేదీలు రాసిపెట్టే జ్ఞానస్నానాల పుస్తకం పుణ్యమా అని ఎవరి వయసెంతో ఊరందరికీ తెలుసు గనక, గంట ఆగేసరికి పోయిందెవరో తెలిసిపోతుంది. ఇంటింటికీ కబురు పెట్టే పని లేదు.

ఒకరోజు బాలశౌరి విసిగిపోయి అడిగాడు. "ఉపదేశిగారూ, లెక్క లెక్క అని నా ప్రాణం తోడేస్తున్నారు. పొరపాటున ఒక దెబ్బ ఎక్కువ పడిందే అనుకోండి. మళ్లీ సరిగ్గా కొట్టి దిద్దుకుంటే సరిపోదా?"

ఇన్నాసయ్యగారు తాడు ముడి చూసుకున్నారు. తర్వాత తన ఇరవై ఏడో ఏట జరిగినదొకటి చెప్పారు.

అప్పటికి గంట ఆయన చేతికొచ్చి ఆరేళ్లు. లెక్క కోసం జపమాల పట్టుకునేవారు. కుడిచేతిలో తాడు, ఎడమచేతి బొటనవేలి కింద పూసలు. పది చిన్న పూసలు అయ్యాక ఒక పెద్ద పూస వస్తుంది. ప్రార్థనలో దానికి వేరే జపం ఉంది గానీ గంటలో దానికి దెబ్బ లేదు, దాటెయ్యాలి. ఆ పొద్దున కనికమ్మ అనే ఆమె పోయింది. చాలాకాలంగా మంచంలో ఉన్న మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. పాపం అనిపించి, ఇన్నాసయ్యగారు గంట కొడుతూనే ఆమె ఆత్మ కోసం మనసులో జపం చెప్పుకున్నారు. జపంలో పడిన వేలు ఒక పెద్ద పూసను కూడా లెక్కలోకి తీసుకుంది. గంట ముప్పై తొమ్మిది కొట్టింది.

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది, ఆరోగ్యమ్మ. నిక్షేపంగా ఉన్న మనిషి, మిరపచేలో పదిమందితో కలిసి కాయలు కోస్తోంది. ముప్పై ఎనిమిదో దెబ్బకు ఆడవాళ్లంతా కనికమ్మను తలుచుకుని సిలువ గుర్తు వేసుకోబోయారు. ఇంకొక దెబ్బ పడింది. నుదుటికి ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎవరూ ఆరోగ్యమ్మ వైపు చూడలేదు. చూడకపోవడం వల్లనే ఆమెకు సంగతి తెలిసింది. ఒడిలోని కాయలు గట్టున పోసి ఇంటికి నడిచింది. దారిలో ఎదురైనవాళ్లు, శవాన్ని తీసుకెళ్తుంటే తప్పుకున్నట్టు, పక్కకు తప్పుకుని తలగుడ్డలు తీశారు.

ఆమె వచ్చేసరికి మొగుడు రాయన్న ఇటుకబట్టీ నుంచి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి ఉన్నాడు. పెళ్లాం ఎదురుగా నిలబడినా ఏడుపు ఆపుకోవడం అతనికి చేతకాలేదు. అవతల సమాధుల తోటలో గుంటలు తవ్వే దేవసహాయం, ఎందుకైనా మంచిదని, రెండు తవ్వాడు.

జరిగింది తెలిసి ఇన్నాసయ్యగారు ఫాదరుగారి దగ్గరికి పరుగెత్తారు. "పిచ్చి నమ్మకాలు. వెళ్లి సరిగ్గా కొట్టు, అదే పోతుంది" అన్నారాయన. కొట్టారు, సరిగ్గా ముప్పై ఎనిమిది. ఊరంతా లెక్కపెట్టుకుంది. ఆరోగ్యమ్మ కూడా లెక్కపెట్టుకుంది. "ఇవి కనికమ్మవి. ఇందాక కొట్టినవి నావి" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడు రోజులు ముద్ద ముట్టలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఒళ్లు మాత్రం చల్లబడుతూ వచ్చింది. ఇరుగుపొరుగువాళ్లు వాకిట్లో కూర్చుని, ఆరోగ్యమ్మ ఎంత నెమ్మదస్తురాలో, చేపల పులుసు ఎంత బాగా చేసేదో చెప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. లోపల ఆమెకు ప్రతి మాటా వినపడేది. నాలుగో రోజున ఇన్నాసయ్యగారు జపమాల తీసుకెళ్లి పెద్ద పూస చూపించారు.

"ఇదిగో అక్కా, నా వేలు దీని మీద తప్పింది. అంతకు మించి ఏం లేదు. నీకేం కాలేదు."

ఆమె ఆ పూసను తడిమి చూసింది. "ఆరేళ్లుగా తప్పని వేలు ఆ రోజే ఎందుకు తప్పింది తమ్ముడూ?" అంది. గొంతులో కోపం లేదు.

ఆ మాట వినగానే తనకు భయం వేసిందని మాకు దాచకుండా చెప్పారు. ఆమె చచ్చిపోతుందన్న భయం ఒకటి, ఆమె అన్నదే నిజమేమోనన్న భయం ఇంకొకటి. రెండోదే పెద్దదట.

మర్నాడు పొద్దున, ఊళ్లో ఎవరికీ జబ్బు లేదు, గంట మోగడం మొదలైంది. జనం ఎక్కడివాళ్లక్కడ ఆగి లెక్కపెట్టారు. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఆగింది. ఆ వయసువాడు ఊళ్లో గంట కొట్టేవాడొక్కడే. వాళ్లమ్మ తెరేజమ్మ తిరగలి దగ్గర కూర్చుని చివరిదాకా లెక్కపెట్టుకుంది. కాసేపటికి కొడుకు గోపురం దిగి వీధి వెంట నడిచి వస్తుంటే గడపలో నిలబడి చూసింది. పలకరించలేదు. ఆయన పోతున్న కొద్దీ వీధిలో ఒక్కొక్క తలుపే మూసుకుంది. ఆయన నేరుగా ఆరోగ్యమ్మ ఇంటికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"నాకూ కొట్టేసుకున్నానక్కా. ఇక మనిద్దరం ఒకటే. ఆకలేస్తోంది, ఇంత అన్నం పెట్టు."

ఆరోగ్యమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, పొయ్యిలో నాలుగు రోజుల బూడిద తీసి, నిప్పు రాజేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. రాయన్న మాత్రం లోపలికి రాలేక గుమ్మం బయటే ఉండిపోయాడు. ఆమె ఆ పైన ఇరవై ఆరేళ్లు బతికింది. ఆ రెండో గుంటలో మన్ను పోయడానికి ఊళ్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వానలకు అదే పూడుకుంది.

బాలశౌరి ముఖం విప్పారింది. తనకు కావలసిన ముక్క దొరికిందిగా మరి.

"అయితే దిద్దుకోవచ్చన్నమాటే గదండీ."

"దిద్దుకోవచ్చు" అన్నారు ఇన్నాసయ్యగారు. "మా అమ్మ మాత్రం, పోయేదాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు."