గోదా గుమ్మంలో బూట్లు

సత్యవేణికి బూట్లంటే నామోషీ.

విజయనగరంలో ఎర్రునాయుడు గురువుగారి తాలింఖానాలో పెరిగిన పిల్ల ఆమె. అక్కడ కుస్తీ పట్టే గోదా మట్టి అమ్మవారితో సమానం. ఎంతటివాడైనా చెప్పులు గుమ్మం బయట విడిచి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి రావలసిందే. ఆ మట్టిలో దండీలు, బస్కీలు తీసి, ఊరి చుట్టూ పరుగులు పెట్టి, జిల్లాలో తనను దాటే ఆడపిల్ల లేదనిపించుకుంది.

గురువుగారికి షుగరు. ఆ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్లకు డబ్బు పోగుచేసి పంపాలని సత్యవేణి పట్టుబట్టింది. వచ్చే ఆదివారం విజయనగరం నుంచి భీమిలి సముద్రం దాకా పరుగెత్తుతానంది. ఒడ్డు చేరితే చందాలిస్తామని బజారంతా మాటిచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వట్టి కాళ్లతో పరుగెత్తుతానని కూడా చాటించుకుంది.

తారురోడ్డు, పైన ఎండ, వద్దని తోటివాళ్లు మొత్తుకున్నారు. ఆమె వింటేనా! గురువు మీద ప్రేమ కొండంత ఉంది కానీ, షుగరంటే ఆమెకు తెలిసింది గురువుగారు తాగే చప్పటి టీ ఒక్కటే.

చివరికి తగవు ఆయన దగ్గరికే చేరింది.

ఎర్రునాయుడు తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఒక గుండ్రటి అద్దం పట్టుకుని అరికాళ్లు చూసుకోవడం ఆయన అలవాటు. ముసలాయన కాళ్లకు సింగారం చేసుకుంటున్నాడని కుర్రాళ్లు చాటుగా నవ్వుకునేవారు. సత్యవేణీ నవ్వేది.

"బూట్లేసుకుంటే మన గోదా పరువు పోదా గురువుగారూ?" అంది తల ఎగరేసి. "నా కాళ్ల సంగతి మీకు తెల్దా? ఎండలో తారు మీద పరిగెట్టినా నాకు నొప్పన్నదే తెల్దు."

ఎర్రునాయుడు అద్దం పక్కన పెట్టి, కుడికాలు ఆమె ముందుకు చాపాడు.

"ఇయ్యాల నువ్వు సూసి సెప్పమ్మా."

మడమ కింద తుమ్మముల్లు. విరిగి లోపలికంటా దిగింది. చుట్టూ నెత్తురు గడ్డకట్టి నల్లబడింది. నిన్న సాయంత్రం కుర్రాళ్లకు పట్లు నేర్పుతూ ఆయన గంతులేసింది ఆ కాలితోనే.

"అయ్యో, ముల్లు గురువుగారూ!"

"అలగా? తీసీ."

ఆమె ముల్లు లాగింది. తన కాలికే దిగినట్టు మొహం ముడుచుకుంది. ఆయన మాత్రం మబ్బుల వైపు చూస్తూ, "వానొచ్చేలాగుంది" అన్నాడు.

"నొప్పెట్టలేదా?"

"నాకూ తెల్దమ్మా" అన్నాడు గురువు. "షుగరొచ్చాక కాళ్లు నాతో మాటాడ్డం మానీసినాయి. అందుకే రోజూ అద్దాన్ని అడుగుతాను."

సత్యవేణి ఆ కాలు కడిగి, గుడ్డ చుట్టి, వద్దంటున్నా వినకుండా ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆదివారం తెల్లవారేసరికి తాలింఖానా ముందు జనం. సత్యవేణి కొత్త బూట్లతో వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"వట్టి కాళ్లన్నారు, ఇదేటి?" అన్నారెవరో. గుసగుసలు మొదలయ్యాయి. చందాలు చేజారిపోతాయేమోనని ఆమె జనం మొహాల వైపు చూసింది.

గురువుగారు గోదాలోంచి గుప్పెడు మట్టి తీసుకుని వచ్చాడు. పోటీకి వెళ్లే శిష్యుడికి నుదుట పెట్టే మట్టి అది.

"లోపలికి రా."

"బూట్లున్నాయి గురువుగారూ."

"కనబడతన్నాయి. రా."

ఆమె భయంభయంగా గుమ్మం దాటింది. ఆ గుమ్మం దాటిన మొదటి బూట్లు అవే. ఎర్రునాయుడు గోడ పట్టుకుని కిందికి వంగి, రెండు బూట్ల మీదా మట్టిబొట్టు పెట్టాడు. బయట గుసగుసలు ఆగిపోయాయి.

ఆమె పరుగెత్తింది. దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు. గురువుగారు ఆటోలో ముందే భీమిలి చేరుకున్నాడు. ఆమె ఒడ్డు చేరేసరికి, మాటిచ్చినవాళ్లలో ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

ఇసకలో కూలబడి బూట్లు విప్పింది. వేళ్లు వాచాయి, మడమలు బొబ్బలెక్కాయి. గురువుగారు మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందేటమ్మా?"

సత్యవేణి తన కాళ్లు చూసుకుంది. ఆయన కాలికున్న కట్టు చూసింది.

"ఉంది గురువుగారూ. సాలా నొప్పిగా ఉంది" అంది గర్వంగా.

ఎర్రునాయుడు అందరూ చూస్తుండగా మీసం మెలేశాడు.