తెగిన తాళ్లు అడిగిన పేరమ్మ

అనగనగా ఒక పెద్ద ఏరు. ఆ ఏటి నడుమ ఒక లంక. లంకలో ఇరవై గడపలు. ఒడ్డుకు రావాలంటే వాళ్లకు పడవే దిక్కు. పడవకు తాడే ఆధారం. ఒడ్డునున్నవాళ్లు తాడు పట్టి లాగితే తప్ప ఆ ఉరవడిలో పడవ వెనక్కు రాదు.

ఒడ్డున తాళ్లు పేనేవారు ఇద్దరు. వారిలో విరూపన్న పేనిన తాడును ఒకనాడు రాజుగారు స్వయంగా మెచ్చుకున్నారు. నాటినుంచి అతడు నార మార్చలేదు, పురి మార్చలేదు.

"రాజు మెచ్చిన తాడుకు వంకేముంటుంది?" అనేవాడు.

పేరమ్మ తీరు వేరు. "తెగిన తాళ్లు పారేయకండి నాయనా, నాకు తెచ్చివ్వండి" అని పడవవాళ్లను బతిమాలేది. వాళ్లు నవ్వుకుంటూనే తెచ్చేవారు.

మొదటి ఏడు తెచ్చిన తాడు రాటకు ఒరుసుకుని తెగింది. ఆమె ఆ చోట తోలు చుట్టసాగింది. రెండో ఏడు తాడు లోపల కుళ్లింది. నార తడి ఆరకముందే పేనానని గ్రహించి, ఆపైన మరో రెండు రోజులు ఎండబెట్టింది. మూడో ఏడు తాడు అతుకు దగ్గర ఊడింది. పాయలన్నీ ఒకేచోట అతకడం మాని, ఒక్కోదాన్ని ఒక్కోచోట అతికింది.

నాలుగో ఏడు వరద వచ్చింది. లంక మునగసాగింది. రాజు ఒడ్డుకు వచ్చి, తాను మెచ్చిన తాడే కట్టమన్నాడు. పడవ సగం దూరమైనా పోలేదు, తాడు పుటుక్కున తెగింది. పడవ కొట్టుకుపోయింది. పడవవాడు ఎలాగో ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు.

"నీ తాడు తెగదా?" అని రాజు పేరమ్మను అడిగాడు.

"తెగదని చెప్పలేను ప్రభూ. నిరుటి తాడు కన్నా గట్టిదని మాత్రం చెప్పగలను. పడవకు పదిమందిని మించి ఎక్కించకండి."

పొద్దు వాలేలోగా ఆమె తాడు కట్టిన మరో పడవ తొమ్మిదిసార్లు వెళ్లి వచ్చింది. ఆఖరిసారి ఒక ముసలవ్వ తన మేకతో సహా దిగింది. లంకలో ఎవరూ మిగల్లేదు.

అప్పుడు రాజు విరూపన్నను ఊరు విడిచి పొమ్మన్నాడు. పేరమ్మ అడ్డుపడింది.

"ఆయన్ను పంపేస్తే తాడులో లోపం తెలుస్తుందా ప్రభూ? ఆయన పురి నా పురి కన్నా బిగువు. తప్పెక్కడుందో ఇద్దరం కలిసి చూస్తాం."

విరూపన్న తెగిన తన తాడు కొసను చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నేళ్లలో ఒక్క తాడునూ విప్పి చూడలేదమ్మా" అన్నాడు.

రాజు తన ఆజ్ఞ వెనక్కు తీసుకున్నాడు. మర్నాటినుంచి ఇద్దరూ ఒకే పాకలో తాళ్లు పేనారు.

మెప్పు దగ్గర ఆగిపోయిన పనితనం పాతబడుతుంది. తన లోపాన్ని తానే వెతుక్కునే పనితనం ఏటికేడాది మెరుగవుతుంది.