గవరయ్య బొటనవేలు

అనగనగా ఒక రాజుగారర్రా, ఆయనకి పాత గాజు సామానంటే పిచ్చి. పువ్వులు కోసిన గిన్నెలూ, నక్షత్రాలు కోసిన కూజాలూ, ఇల్లంతా అవే. ఏది అసలో ఏది నకిలీయో చెప్పడానికి కొలువులో గవరయ్య అని ఒక పెద్దాయన ఉండేవాడు. అంచు మీద బొటనవేలు రాసేవాడు. చురుక్కుమంటే చక్రం మీద కోసిన అసలుది, మొద్దుగా తగిలితే మూసలో పోసిన నకిలీది. ఇక ఆయన మాటకి తిరుగులేదు.

అయితే గాజు రాసీ రాసీ ఆ వేలికి స్పర్శ పోయింది. పోయిందని ఆయనకి తెలుసు. చెబితే పరువు పోతుందని నోరు మూసుకున్నాడు. ఏవర్రా, ఊఁ అనరే?

ఒకనాడు రాణిగారి గిన్నె తెచ్చారు. గవరయ్య వేలు రాసి, మూసదే అనేశాడు. మరి అసలు గిన్నె ఏమైనట్టు? గిన్నెలు కడిగే పనిపిల్ల నూకాలే మార్చేసిందన్నారు. ఆ పిల్ల లబోదిబోమంది, ఎవరు వింటారు? ఊరు విడిచి పొమ్మన్నారు.

నకిలీది మాకెందుకని ఆ గిన్నె గవరయ్యకే ఇచ్చేశారు. ఇంటి దగ్గర కోడలు మంగ దాన్ని తోముతూ చటుక్కున చెయ్యి లాక్కుంది. వేలి మీద రక్తపు చుక్క. గిన్నెని ఎండలో తిప్పి చూసింది. మావగారూ, ఈ గాట్ల లోపల సన్నగా గీతలున్నాయి, కోశాక కొయ్యచక్రం మీద మెరుగు పెడితే మిగిలేవి ఇవే కదా, మూసలో పోసినదానికి ఎందుకుంటాయి, అని అడిగింది. పాపం, ఆయన్ని తప్పు పట్టాలని కాదు, తెలుసుకుందామనే.

గవరయ్యకి తల కొట్టేసినట్టయింది. అన్నం సయించలేదు. కోడలి మొహం చూడలేకపోయాడు. కళ్ళు మూసుకుంటే నూకాలు మొహం. సిగ్గుతో చితికిపోయాడనుకోండి.

పొద్దున్నే కొలువుకి పోయి, అందరి ముందూ ఆ వేలు చాచి, ఇది చచ్చి మూడేళ్లయింది మహారాజా, ఆ గిన్నె అసలుదే, దొంగతనం చేసింది నేను, అన్నాడు. రాజుగారు నూకాలుని వెనక్కి పిలిపించారు. రాణిగారు కొత్త చీర పెట్టారు. ఆ పిల్ల మాత్రం గవరయ్య దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"నాకంటే ముందు, ఈ మూడేళ్లలో, ఇంకెవరిని పంపేశారు బాబూ?"

ఇద్దరున్నారు. గవరయ్య ఎండనక వాననక ఊరూరా వెతికి, వాళ్ల కాళ్ల మీద పడి, వెంటబెట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ గాజు చూసేది మంగ. పక్కన కూచుని వినేది ఆయన. తెలీనప్పుడు తెలీదనండర్రా, ఎవరూ కొట్టరు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.