గింజలుగాడి రొప్పు, నా మీద నింద

నేను బల్లిని. వడ్రంగి బ్రహ్మాజీ ఇంటి వసారాలో, గోడ క్యాలెండర్ వెనకాల నా కాపురం. ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఉండదా మరి? నేను టిక్ టిక్ అన్నానో లేదో, బ్రహ్మాజీ తల్లి సుభద్రమ్మగారు వేలితో గోడ మీద కొట్టి "సత్యం, సత్యం" అంటుంది. ఆవిడ నోట ఏదైనా మాట వచ్చిన వెంటనే నేను పలికితే, ఇక ఆ మాటకి తిరుగులేదని ఆవిడ నమ్మకం. నేను పలికేది దోమ దొరికితే సంతోషంతో, దొరక్కపోతే చిరాకుతో. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్తారు?

అదే వసారాలో స్టూలు మీద ఓ తీగల పంజరం ఉంది. అందులో గింజలుగాడు ఉంటాడు. వాడు హ్యామ్‌స్టర్. ఎలకలకి దూరపు చుట్టం. తోక ఉందో లేదో వెతుక్కోవాలి, బుగ్గలు మాత్రం సంచుల్లా సాగుతాయి, ఎన్ని గింజలు వేసినా వాటిల్లోకే కుక్కుకుంటాడు. బ్రహ్మాజీ కూతురు విరజ, ఆరో తరగతి పిల్ల, వాణ్ణి ప్రాణంలా చూసుకుంటుంది. రోజూ తండ్రి రంపం కింద రాలిన చెక్కపొట్టు దోసెడు తెచ్చి వాడికి పడక వేసేది. ఘాటు వాసన, మెత్తటి దుమ్ము. "మన ఇంట్లోనే రంపం ఉండగా వాడికేం తక్కువ, రాజభోగం" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళు.

ఆ రాజభోగమే వాడి ముక్కులోకి ఎక్కింది.

ముందు తుమ్ములు. తర్వాత ముక్కు చెమ్మ. ఆ తర్వాత ఊపిరి తీస్తే డొక్కలు ఎగరడం, లోపల్నుంచి టిక్... టిక్... అని చప్పుడు. గోడ మీద ఈ కొసనుంచి ఆ కొసకి పదిసార్లు తిరిగాను.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది మామా," అన్నాడు, అంటూనే మూడుసార్లు తుమ్మాడు.

"బాగుండడమంటే ఇదేనట్రా? ఆ పిల్లకి తెలిసేట్టు చెయ్యి. అది బడినుంచి రాగానే కదలకుండా పడుకో."

"అమ్మో! వద్దు మామా!"

సాయంత్రం విరజ బడినుంచి వచ్చింది. ఏం చేశాడో చూడండి. అంతదాకా మూలన ముద్దలా పడి ఉన్నవాడు చటుక్కున లేచి, చక్రం ఎక్కి గిరగిరా తిరిగాడు! పిల్ల చప్పట్లు కొట్టి లోపలికి పోయింది. వీడు చక్రం మీంచి దొర్లి, నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు.

ఈ బుద్ధి ఎవరు పెట్టారో మర్నాడు తెలిసింది. ఎదురింటి పిల్లి కిటికీ ఊచల్లోంచి తల దూర్చింది. ఎంత తీపి గొంతో!

"బంగారం, రాత్రి నిద్ర పట్టిందా? ఎవరికీ చెప్పలేదు కదా?"

"లేదు పిన్నీ."

"మా నాన్నే! చెప్పావంటే అంతే సంగతులు. జబ్బు చేసిన ఎలకజాతిని ఎవరైనా పెంచుతారా? నిన్ను పట్టుకెళ్ళి పెంట మీద పారేస్తారు. ఆ పిల్ల కనబడితే చక్రం ఎక్కు. నీ మేలు కోరేదాన్ని, నేనొక్కత్తినే కదా నీకున్నది."

ఇలా అంటూ పిల్లి వాడి డొక్కల వంకే చూస్తోంది. ఇంకెన్నాళ్ళు పడుతుందో అని లెక్క.

అది పోయాక నేను విరుచుకుపడ్డాను. "ఒరేయ్ బుద్ధిలేనివాడా! పిల్లి నీకు పిన్నా? నువ్వు పోతే పెంట మీద కాచుక్కూర్చునేది అదేరా!"

"నాకూ అనుమానమే మామా. కానీ నిజంగా విరజక్క నన్ను పారేస్తేనో?" అన్నాడు గింజలుగాడు. వాడి కళ్ళు పుసికట్టి ఉన్నాయి. "చావుకి భయం లేదు. అక్క నన్ను వద్దనుకుంటే మటుకు తట్టుకోలేను."

కిటికీ అవతల గుంజకి కట్టేసిన ముసలి మేక నెమరు ఆపి మాట కలిపింది.

"నాకు రొంప పట్టినప్పుడు ఊరంతా వినబడేలా అరిచాను నాయనా. తిట్టుకున్నారు, నిజమే. తిట్టుకుంటూనే డాక్టరుని తీసుకొచ్చారు. సిగ్గుపడి ఊరుకుని ఉంటే ఈపాటికి కూరలో ఉండేదాన్ని."

వాడు వింటేనా!

ఇక్కడ నా మీద నింద మొదలైంది. ఆ వారమంతా సుభద్రమ్మగారు వసారాలో కూర్చుని ఏదో ఒకటి అంటూనే ఉంది. "ఈ ఏడు ఆవకాయ అమృతంలా కుదిరింది." టిక్ టిక్. "సత్యం!" "మా ఆడబడుచుకి నోటిదురుసు." టిక్ టిక్. "సత్యం, సత్యం!" నేను తెల్లబోయాను. నేను నోరు మెదిపితే ఒట్టు! ఆ టిక్కులు గింజలుగాడి ఊపిరివి. ఇంట్లో అందరికీ వినబడుతున్నాయి, అందరూ నా ఖాతాలో వేస్తున్నారు. పిల్లవాడు ప్రాణం మీదికి వచ్చి రొప్పుతుంటే, ఆవకాయ బాగుందని నేను సాక్ష్యం చెబుతున్నాననుకుంటున్నారు!

ఆదివారం పొద్దున విరజ వాడి ముక్కు తడిగా ఉండడం చూసింది. "నానమ్మా, వీడికి జలుబు చేసినట్టుంది."

"దానికేముందే! చంటిపిల్లలకి చెయ్యమూ? గోరువెచ్చగా తలంటి పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పంజరం తలుపు తీసి నూతిగట్టు మీద ఎండలో పెడితే సాయంత్రానికి తేలికపడతాడు."

టిక్ టిక్, అంది పంజరం.

"చూశావా, బల్లి కూడా పలికింది! సత్యం!"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అసలే ఊపిరాడని ప్రాణం. దాన్ని తడిపి, పొగపెట్టి, తలుపు తీసి ఆరుబయట పెడతారట! పిల్లి అప్పుడే నూతిగట్టెక్కి మూతి కడుక్కుంటోంది.

"పలికింది నేను కాదు తల్లోయ్!" అని అరిచాను. నేను అరిస్తే వాళ్ళకి వినబడేది ఏమిటి? టిక్ టిక్ టిక్.

"సత్యం, సత్యం, సత్యం!" అంది సుభద్రమ్మగారు. "మూడుసార్లు పలికిందే అమ్మాయ్, త్వరగా నీళ్ళు పెట్టు!"

నీళ్ళు కాగుతున్నాయి. కుంపట్లో నిప్పులు రాజుకుంటున్నాయి. నేను గోడ మీద పైకీ కిందికీ పరుగులు. మేక కసిరింది.

"ఆ పరుగులు ఆపి ఆలోచించవయ్యా! నువ్వు నోరు తెరిస్తే ఆవిడ సత్యం అంటుంది. అదే నువ్వు మీద పడితే ఏం చేస్తుంది?"

ఓర్నీ! నా బుర్రకి తట్టలేదు. బల్లి మీద పడితే ఈ ఇళ్ళల్లో వెంటనే తలస్నానం చెయ్యాలి, దీపం పెట్టాలి. ఆ తర్వాతే ఏ పనైనా.

దూలం ఎక్కి కాచుకున్నాను, సుభద్రమ్మగారు వేడినీళ్ళ గిన్నెతో కిందికి రాగానే దూకాను. సరిగ్గా నడినెత్తిన పడ్డాను.

"అయ్యయ్యో! బల్లే! నడినెత్తినే! విరజా, ఆ గిన్నె పట్టుకో... ఈ నీళ్ళు నాకే తోడు! దేవుడా, ఎంత గండం వచ్చి పడిందో!" అంటూ ఆవిడ స్నానాల గదిలోకి ఒకటే పరుగు.

నేను జారి నేలమీద పడ్డాను. గట్టు మీది పిల్లి తెరిచి ఉన్న తలుపులోంచి ఒక్క గెంతులో నా మీదికి వచ్చింది. దాని పంజా కింద నా తోక. తెంపుకుని, గడప దాటి, బయట ఉన్న పనిముట్ల పెట్టె కిందికి దూరాను. తోక గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లి దానితోనే కుస్తీ పట్టింది. విరజ చీపురు విసరగానే తోక నోట కరుచుకుని మళ్ళీ గట్టెక్కింది.

వసారాలో ఇప్పుడు పిల్లా, పంజరమూ తప్ప ఎవరూ లేరు.

టిక్... టిక్...

విరజ గోడకేసి చూసింది. క్యాలెండర్ ఎత్తి చూసింది. ఖాళీ. "బల్లి బయటికి పోయింది కదా, నా కళ్ళతోనే చూశాను. మరి ఇదేం చప్పుడు?" అని పంజరం దగ్గరికి వంగింది.

గింజలుగాడు అలవాటు కొద్దీ చక్రం మీద కాలు వేశాడు.

"ఎక్కకురా! నీకు దణ్ణం పెడతాను, ఎక్కకు!" అని పెట్టె కిందనుంచి అరిచాను.

వాడు చక్రాన్ని చూశాడు. అక్క మొహం చూశాడు. కాలు మెల్లగా దించేశాడు. పొట్టు మీద ఒరిగిపోయి, ఇక దాచలేను అన్నట్టు నోరు తెరిచి రొప్పాడు.

విరజ చెవి ఆనించింది. విన్నది. మరుక్షణం దాని ఏడుపు వీధి చివరికి వినబడింది. "నాన్నా! చప్పుడు బల్లిది కాదు! వీడిదే! వీడికి ఊపిరాడటం లేదు నాన్నా!"

బ్రహ్మాజీ చెక్క నునుపు చేస్తున్న చిత్రిక అక్కడే పడేసి బండి తీశాడు. పంజరం మీద తువ్వాలు కప్పి, విరజ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గట్టు మీద పిల్లి చూస్తూ ఉండిపోయింది. దానికి దక్కింది నా తోక.

మధ్యాహ్నం తిరిగొచ్చారు. డాక్టరు బ్రహ్మాజీని గట్టిగానే కోప్పడ్డాడట. ఊపిరితిత్తుల్లో జబ్బు చేరింది, తలంటి పోసి ఉంటే ఈ పూటే పోయేవాడు అన్నాడట. చెక్కపొట్టు వద్దు, పొగ వద్దు, ఫ్యాను గాలి వద్దు. వెచ్చగా ఉంచాలి, నానబెట్టిన మెత్తటి తిండి పెట్టాలి. సూది లేని సిరంజితో పొద్దునా సాయంత్రం మందు చుక్క వెయ్యాలి. లేచి తిరిగినా సరే, పది రోజులూ ఆపకూడదు.

సుభద్రమ్మగారు కుంపటి తీసి బయట పెట్టేసింది. తర్వాత తెల్లకాగితాలు ముందేసుకుని, సన్నగా చింపి వాడికి కొత్త పడక వేసింది. చింపుతూ కళ్ళు తుడుచుకుంది.

మూడు రోజులు నేను గోడ మీద ఒక్కచోట కుదురుగా ఉంటే ఒట్టు. నాలుగో రోజు వాడు నానిన అటుకులు రెండు తిన్నాడు. ఆరో రోజుకి టిక్కులు ఆగాయి. "తగ్గిపోయిందిగా, ఇంకా మందెందుకే?" అన్నాడు బ్రహ్మాజీ. విరజ వినలేదు, పదో రోజుదాకా వేసింది.

పదకొండో రోజు కిటికీలో మళ్ళీ అదే తల.

"బంగారం, చిక్కిపోయావే! ఒంట్లో ఎలా ఉంది? పిన్నికి ఒక్కదానికే చెప్పు, చెవిలో."

గింజలుగాడు బుగ్గల్లో గింజలన్నీ కక్కేశాడు. ఆ చిన్న ఒంట్లో అంత గొంతు ఉందని నాకే తెలియదు. కీచుమని కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. విరజ ఒక గదిలోంచి, బ్రహ్మాజీ ఇంకో గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. పిల్లి గోడ దూకి పారిపోయింది. బ్రహ్మాజీ అప్పటికప్పుడు ఆ కిటికీకి ఇనప జాలీ కొట్టేశాడు. సాయంత్రం పిల్లి వచ్చి, ఆ జాలీకి మూతి ఆనించి కాసేపు నిలబడి, తోక దించుకుని పోయింది.

బాధని అందరి దగ్గరా దాచుకున్నవాడికి చివరికి తోడు మిగిలేది, వాడెప్పుడు పోతాడా అని కాచుకున్నవాళ్ళే.