అవతలి ఒడ్డు మంట

కోరంపేటకూ, పరరాజ్యంలోని మొగలిదీవికీ మధ్య ఒక సముద్రపు పాయ. రెండు ఒడ్డుల మంటలనూ చూసుకుంటేనే పడవలు రాళ్లను తప్పించుకోగలవు. అందుకే ఒకరికి బొగ్గు తక్కువైతే మరొకరు పంపాలని రెండు దీపసంఘాలూ ఒప్పందం రాసుకున్నాయి.

మూడు నెలలుగా దీవి నుంచి మనిషి రాలేదు, కేక వినపడలేదు. మంట మాత్రం రోజూ సందెవేళ వెలుగుతూనే ఉంది, సన్నబడుతూ.

"అక్కడంతా మశూచికి చచ్చారు. దయ్యాలకు బొగ్గెందుకు? నా కోటకు తోలండి," అన్నాడు దండనాయకుడు గజపాలుడు. దర్పం కోసం సంఘపెద్ద పదవి కూడా అతనే పుచ్చుకున్నాడు.

బొగ్గులు కాల్చే సింగమ్మ లేచింది. ఆమె కొడుకులిద్దరూ చేపల వేటకెళ్లి ఇంకా సముద్రం మీదే ఉన్నారు.

"అందరూ చచ్చారని ముద్ర వేసి రాసివ్వండి దొరా."

"ఎందుకే?"

"అవతల మనిషి మిగలకపోతే, ఇవతలి సంఘపెద్దే వెళ్లి ఆ మంట దగ్గర కూర్చోవాలని ఒప్పందంలో ఉంది. పడవ సిద్ధం. ఇన్నాళ్లూ దాన్ని వెలిగిస్తున్నవాళ్లు తమకు తోడుంటారులెండి."

గజపాలుడు అవతలి ఒడ్డున పొగమంచులో మినుకుమంటున్న ఎర్రటి చుక్కకేసి చూశాడు.

"బతికే ఉంటార్లే," అన్నాడు మెల్లగా. "బొగ్గు పంపండి."

మనిషి జాడలేని రేవులో బస్తాలు దించి, పడవవాళ్లు వెనక్కి చూడకుండా వచ్చేశారు. మర్నాడు సందెవేళ అవతలి మంట తాటిచెట్టంత ఎత్తు లేచింది. సింగమ్మ కొడుకులు క్షేమంగా ఒడ్డెక్కారు. దీవి పక్కగా వస్తూ మంట దగ్గర ఏం చూశాడో పెద్దకొడుకు చెప్పబోతే, "నాకు చెప్పొద్దు," అంటూ గజపాలుడు చెవులు మూసుకున్నాడు.